ఒక్క ఏడు మాత్రమే తెరచియుండే తలుపు



ఈ నెల మీతో పంచుకోబోవు సంగతిలో నా తప్పు ఒకటి ఉన్నది. దానిని దాచి మిగిలినది చెప్పుట సులభమే. కాని ప్రతి ఆదివారము ఇతరుల తప్పులను గూర్చి మాట్లాడే కాపరి, తన తప్పు దగ్గరకు వచ్చేసరికి వేరే విషయములోనికి జారిపోవుట న్యాయము కాదు. కాబట్టి ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను. పిల్లల పేర్లు వ్రాయవద్దని ఆ కుటుంబమువారు కోరారు గనుక వ్రాయుట లేదు.

బోధన్ చుట్టుప్రక్కల పల్లెలు తెలిసినవారికి ఆ కుటుంబము ఎటువంటిదో చెప్పనక్కరలేదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు మంజీర నీళ్లను మన పొలాలకు తెచ్చింది. నీళ్లను నమ్ముకొని చెరకు వచ్చింది. చెరకును నమ్ముకొని 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీని నమ్ముకొని మన తల్లిదండ్రులు బ్రతికారు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఈ తండ్రికి రెండెకరముల చెరకు ఉండేది. సీజను వచ్చిందంటే ఫ్యాక్టరీలో కూలి దొరికేది. రెండూ పోయాయి. ఇప్పుడు వరి వేస్తాడు, మిగిలిన రోజులలో ట్రాక్టరు నడుపుతాడు. ఒక కూతురు, ఆమెకంటె రెండేండ్లు చిన్నవాడైన ఒక కొడుకు. ఇద్దరూ ఊరి జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో చదివినవారే, ఇద్దరూ మా సండే స్కూలు పిల్లలే.

2022 మార్చి నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. అప్పుడు ఆమె తొమ్మిదవ తరగతి. చేతిలో ఒక కాగితము.

“అయ్యగారూ, మా సైన్సు సారు ఇచ్చిండు. ఇస్రోవాళ్లు ఎండకాలంల రెండు వారాలు పిల్లలను పిలిచి నేర్పిస్తరట. బాపు మిమ్మల్ని అడిగి రమ్మన్నడు.”

ఆ కాగితములో ఉన్నది ‘యువికా’ అనే కార్యక్రమము. యువ విజ్ఞాని కార్యక్రమము అని దాని అర్థము. మన దేశపు అంతరిక్ష పరిశోధన సంస్థ ఇస్రో దీనిని 2019లో ప్రారంభించింది. ఆ మొదటి ఏడు ఒక్కొక్క రాష్ట్రమునుండి ముగ్గురేసి పిల్లలను తీసుకున్నారు. కరోనావలన 2020లో, 2021లో జరుగలేదు. మరల 2022లో పిలుపు వచ్చింది.

ఆ సంగతులేవీ నేను చదువలేదు. నా మనస్సంతా మే నెలలో పెట్టవలసిన వి.బి.ఎస్. మీద ఉన్నది. కరోనావలన మా సంఘములో కూడ రెండు వేసవులు వి.బి.ఎస్. లేదు. పిల్లలు పాటలు మరచిపోయారు, సహాయకులు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. చిన్నపిల్లలకు పాటలు నేర్పగలిగినది ఈ అమ్మాయి ఒక్కతే. నేను కాగితము తిరిగి ఆమె చేతిలో పెట్టి, “వచ్చే ఏడు పోదువుగాని బిడ్డా. ఈ ఏడు నువ్వు లేకుంటే పిల్లలను ఎవరు చూసుకుంటరు?” అన్నాను.

ఆమె మారు మాట్లాడలేదు. కాగితమును మడిచి తన బైబిలులో పెట్టుకున్నది. ఆ వేసవిలో పది రోజులు పిల్లలకు పాటలు నేర్పింది. చివరి దినమున నేను సంఘమంతటి ముందు ఆమెను మెచ్చుకొని ఒక పెన్ను బహుమానముగా ఇచ్చాను. నా పని చక్కగా జరిగినదని సంతోషించాను.

ఇక రెండవ సంగతి. 2024 ఫిబ్రవరి చివర ఆమె తమ్ముడు వచ్చాడు. అప్పటికి వాడు తొమ్మిదవ తరగతి. వాకిట్లోనే నిలబడి ఇలా అన్నాడు:

“అయ్యగారూ, నేను గూడ యువికాకు పెడుతున్న. ఇది అడుగుడు గాదు, చెప్పుడు. అక్కలెక్క నేను ఆగ.”

వాని మాటకు మొదట నాకు కోపము వచ్చింది. “అక్కలెక్క అంటే ఏంది?” అని అడిగాను. అప్పుడు తెలిసింది. యువికాకు తొమ్మిదవ తరగతి చదువుచున్న పిల్లలే అర్హులు. పదిలోనికి వచ్చారంటే ఆ తలుపు మూసుకుపోతుంది. నేను “వచ్చే ఏడు” అన్న ఏడు ఆమెకు లేనే లేదు. మరుసటి సంవత్సరము సైన్సు సారును అడిగి ఆ సంగతి తెలుసుకొని, ఇంటికి వచ్చి ఒక మూల కూర్చొని ఏడ్చిందట. నాతో మాత్రము చెప్పలేదు. రెండేండ్లు ప్రతి ఆదివారము నాకు వందనము చేసి వెళ్లింది.

పెట్టి ఉంటే ఆమె ఎంపికయ్యేదో లేదో దేవునికే తెలుసు. కాని అడిగే అవకాశమే లేకుండ చేసినవాడను నేను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి వాళ్ల ఇంటికి వెళ్లాను. అక్కడ చూస్తే ఆ అక్కే తమ్ముని దరఖాస్తు నింపుతున్నది. తాను ఇంటరు మొదటి సంవత్సరపు పరీక్షలు వ్రాస్తూ, మధ్యలో తమ్ముని ఎనిమిదవ తరగతి మార్కుల కాగితము, హెడ్‌మాస్టరుగారి సంతకము, సైన్సు ఫెయిరులో పాల్గొన్న సర్టిఫికెట్టు అన్నీ ఒక సంచిలో పెట్టి ఉంచింది. ఎంపిక ఎట్లు చేస్తారో నాకు వివరించినది కూడ ఆమెయే. నూటికి 50 మార్కులు ఎనిమిదవ తరగతిలో వచ్చిన మార్కులనుబట్టి. ఆన్‌లైనులో పెట్టే క్విజ్‌కు 10. సైన్సు ఫెయిరుకు, ఒలింపియాడ్ పరీక్షలకు, ఆటలకు, స్కౌట్స్, ఎన్.సి.సి. వంటి వాటికి కొన్ని. గ్రామ పంచాయతీ పరిధిలోని బడిలో చదివేవారికి 15.

తండ్రి గడపలో కూర్చొని వింటున్నాడు. “పల్లెల సదివినందుకు మార్కులు ఇస్తరా?” అని రెండుసార్లు అడిగాడు. పల్లెలో ఉన్నందుకు ఇన్నేండ్లు ఏదో ఒకటి పోగొట్టుకున్న మనిషికి ఆ మాట నమ్మశక్యము కాలేదు.

ఏప్రిల్‌లో ఎంపికైనవారి జాబితా వచ్చింది. వాని పేరు అందులో ఉన్నది. దేశములోని ఏడు కేంద్రములలో వానికి హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము వచ్చింది. ప్రయాణపు ఖర్చు, వసతి, భోజనము, పుస్తకములు అన్నీ ఇస్రోవారే భరిస్తారు.

అయినా ఇంట్లో గొడవ తీరలేదు. పద్నాలుగేండ్ల పిల్లవాణ్ణి రెండు వారాలు తెలియనివారి మధ్య ఎట్లు వదలుదునని తల్లి భయము. ఇక మా సంఘ పెద్ద ఒకాయన వచ్చి, “సైన్సు ఎక్కువైతే పిల్లగాని విశ్వాసం పోదా అయ్యగారూ?” అన్నాడు. మంచి మనస్సుతోనే అడిగాడు.

నేను ఆయనకు రెండు సంగతులు చెప్పాను. లూకా సువార్త రెండవ అధ్యాయములో పండ్రెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చొని ఏమి చేసెను? వారు చెప్పినది వినెను, వారిని ప్రశ్నలు అడిగెను. అక్కడ కూడ తల్లి భయపడి వెదకినది. వినుట, అడుగుట తప్పయితే ఆ సంగతి సువార్తలో ఎందుకు వ్రాయబడును?

రెండవది మన జిల్లాలోనిదే. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి మీ అందరికి తెలుసు. వెస్లియన్ మిషనుకు చెందిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, రాజా నర్సాగౌడ్ గారి ధనసహాయముతో 1915లో దానిని నెలకొల్పిరి. ఊరి బయటికి నెట్టబడిన వారికి అప్పట్లో తెలిసిన చాల్‌మూగ్రా నూనె వైద్యము అక్కడ చేసిరి. ఆమె తరువాత వచ్చిన డాక్టరు జాన్ లో కూడ ఆ వ్యాధిని గూర్చి పరిశోధించినవాడే. వారు ప్రార్థించేవారు. రోగి శరీరముమీద ఏ మందు ఎంత పనిచేసినదో కండ్లతో చూసి వ్రాసుకొనేవారు కూడ. ఒకటి రెండవదానికి అడ్డము కాలేదు. ఇది విని ఆ పెద్ద, “అట్లయితే పిల్లగాని బస్సు కిరాయి నేనిస్త” అన్నాడు. ఇస్రోవారు ఇస్తారని చెప్పినా వినలేదు.

మే నెలలో ఒక తెల్లవారుజామున నేను, ఆ తండ్రి, పిల్లవాడు నిజామాబాదు బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కాము. తల్లి కట్టిచ్చిన మామిడికాయ తొక్కు సీసా దారి పొడుగునా వాని ఒడిలోనే ఉన్నది. ఆ ఏడు కూడ వి.బి.ఎస్. అదే నెలలో ఉన్నది. వేరే సహాయకులను వెదకుకున్నాను. అంత కష్టమేమీ కాలేదని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాను.

రెండు వారాల తరువాత తిరిగి వచ్చిన పిల్లవాడు యౌవనుల కూటములో తన అనుభవము చెప్పాడు. మొదటి మూడు దినములు వాడు నోరు తెరువలేదట. పాఠములన్నీ ఇంగ్లీషులో. మన రాష్ట్రములో సర్కారు బడులలో ఒకటి నుండి ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియము వచ్చినది 2022–23లో. అప్పుడు వాడు ఎనిమిదవ తరగతి. అంటే వానికి ఇంగ్లీషు చదువు వయస్సు రెండేండ్లే. ప్రక్కన కూర్చున్న వేరే రాష్ట్రముల పిల్లలు గడగడ మాట్లాడుతుంటే, “ఇంటికి పోతే బాగుండు” అనుకున్నాడట.

కాని చేతులతో చేసే పనులు వచ్చేసరికి భయము తగ్గింది. చిన్న రాకెట్టు నమూనా తయారుచేశారు. డబ్బాలో పట్టేంత ఉపగ్రహపు నమూనా ఒకటి చేసి, గాలి ఒత్తిడిని, వేడిమిని అది ఎట్లు కొలుస్తుందో చూశారు. రాత్రిళ్లు నక్షత్రములను గుర్తుపట్టుట నేర్చుకున్నారు. ఉపగ్రహములు పంపే సమాచారమును అందుకొనే షాద్‌నగర్ కేంద్రపు పెద్ద పెద్ద ఆంటెనాలను గూర్చి వాడు చేతులు చాపి చెప్పుతుంటే మా యౌవనులు నోళ్లు తెరచి విన్నారు.

ఒక దినము ఉపగ్రహము తీసిన పటము ఒకటి తెరమీద చూపారు. అందులో పొలములన్నీ ఎర్రగా ఉన్నాయి. పంట పచ్చగా ఉండాలి గదా, ఎర్రగా ఎందుకున్నదని పిల్లలు ఆశ్చర్యపడ్డారు. బోధించే శాస్త్రవేత్త చెప్పినది వాడు మాకు ఇట్లు చెప్పాడు. ఆకు ఎండలోని ఎర్ర వెలుగును చాలావరకు మ్రింగి దానితో ఆహారము వండుకుంటుంది. మన కంటికి కనిపించని మరియొక వెలుగు ఉన్నది, దానిని పరారుణ కాంతి అంటారు. దానిని ఆకు చాలావరకు వెనుకకు కొడుతుంది. ఉపగ్రహములోని కెమెరా ఆ కనిపించని వెలుగును పట్టుకుంటుంది. దానిని మనకు చూపుటకు ఎర్ర రంగు వేస్తారు. కాబట్టి ఆరోగ్యముగా ఉన్న పంట నిగనిగలాడే ఎరుపు. ఎండిన పంట వెలిసిన ఎరుపు. నీళ్లు నలుపు.

అప్పుడు వాడు మొదటిసారి చెయ్యెత్తాడు. ఇంగ్లీషు రాక తెలుగులోనే అడిగాడు. “సార్, మాది బోధన్ దిక్కు. ఇందులో చెరుకేదో వరేదో ఎట్ల తెలుస్తది?”

ఆ శాస్త్రవేత్త తెలుగువాడే. నవ్వి, ప్రశ్నను ఇంగ్లీషులో అందరికి చెప్పి, “ఇది మంచి ప్రశ్న” అన్నాడట. ఒక్క దినపు పటము చూసి పంట చెప్పకూడదన్నాడు. వరి నాలుగైదు నెలలలో కోతకు వస్తుంది, పొలము ఖాళీ అవుతుంది. చెరకు పది పన్నెండు నెలలు నిలిచి ఉంటుంది. అదే చోటును నెల నెలా చూస్తే, చుట్టూ వరి కోసిన తరువాత కూడ ఎర్రగా నిలిచినది చెరకు కావచ్చును. మామిడి తోట కూడ కావచ్చును. అందుకని చివరికి ఎవరో ఒకరు ఆ పొలము దగ్గరకు నడిచి వెళ్లి చూసి రావాలి. దానిని వారు ‘గ్రౌండ్ ట్రూత్’ అంటారట. నేలమీది సత్యము అన్నమాట. ఎంత ఎత్తునుండి చూసినా నేలమీద సరిచూడనిది లెక్కలోనికి రాదని ఆయన చెప్పాడు.

ఆ మాట వాడు సైన్సు మాటగా చెప్పాడు. నాకు మాత్రము వేరుగా వినిపించింది. ప్రసంగ వేదిక ఎత్తునుండి చూసి ‘ఈమెకు వచ్చే ఏడు ఉన్నది’ అని తీర్పు చెప్పినవాడను నేను. ఒక్కసారి ఆ కాగితము చదివినా, ఆ బడిదాకా నడిచి సైన్సు సారును అడిగినా సత్యము తెలిసేది.

ఇంటికి వచ్చిన తరువాత పిల్లవాడు ఊరుకోలేదు. అక్కను వెంటబెట్టుకొని ఊరి పొలములన్నీ తిరిగాడు. ఇస్రోవారి ‘భువన్’ అనే పటము కంప్యూటరులో ఎవరైనా చూడవచ్చును. అందులో తమ ఊరిని చూసి, ఏ మడిలో ఏమున్నదో ఒక నోటు పుస్తకములో వ్రాసుకున్నారు. ఒక చోట చెరకేననుకొని వెళ్లి చూస్తే అది బర్రెలకు వేసిన నేపియర్ గడ్డి. దూరమునుండి అచ్చము చెరకువలెనే ఉన్నది. ఇద్దరూ నవ్వుకొని పుస్తకములో కొట్టివేసి మరల వ్రాశారు.

నేను కూడ ఒక సాయంత్రము వారితో నడిచాను. తండ్రి వెనుక వచ్చాడు. పుస్తకము నిండేసరికి ఊరిలో చెరకు మిగిలిన మడులు వ్రేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. దూరపు మిల్లులకు పంపుకొనే ఓపిక ఉన్నవారివే అవి. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత సీజనులో శక్కర్‌నగర్ దారి పొడుగునా చెరకు బండ్లు ఎట్లు నిలబడేవో, బెల్లపు పాకము వాసన ఎంత దూరము వచ్చేదో కొడుకుకు చెప్పసాగాడు. ఫ్యాక్టరీ మూతపడిననాటికి వాడు చిన్నవాడు, వానికి ఆ వాసన జ్ఞాపకము లేదు. పిల్లవాడు పుస్తకము తెరచి తండ్రి చెప్పినది కూడ వ్రాసుకున్నాడు. “ఇదెందుకురా?” అని తండ్రి అడిగితే, “ఇది గూడ నేలమీది సత్యమే గద బాపు” అన్నాడు.

ఆ గట్టుమీదనే నేను ఆ అమ్మాయిని క్షమాపణ అడిగాను. ఆమె తల వంచుకొని కొంచెము సేపు నిలబడి ఇలా అన్నది:

“పెట్టేది ఒక్కటేసారని నాకు తెల్వది అయ్యగారూ, మీకు సుత తెల్వది. ఇప్పుడు తెల్సింది గదా. గుడి బోర్డు మీద రాయుండ్రి.”

క్షమించానని ఆమె అనలేదు. పని చెప్పింది. నాకు అదే తగినదనిపించింది.

ఇప్పుడు మా గుడి నోటీసు బోర్డుమీద ఆరాధన వేళల క్రింద మరియొక వరుస ఉన్నది. తొమ్మిదవ తరగతి పిల్లలకు యువికా: ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇస్రో వెబ్‌సైటు చూడవలెను. ఉన్నత పాఠశాల పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్: పిల్లవాని స్వంత ఆలోచన బాగుంటే, దాని నమూనా తయారుచేయుటకు కేంద్ర ప్రభుత్వము 10,000 రూపాయలు ఇస్తుంది, బడి ద్వారా పంపవలెను. నియమములు ఏటేటా కొంచెము మారుచుండును గనుక హెడ్‌మాస్టరుగారిని కలిసి అడుగవలెను.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు కాగితము తెచ్చినప్పుడు, మీకు చదువు రాకపోయినా, చదివించి వినండి. చివరి తేదీ ఏది, మరల ఎప్పుడు అని అడగండి. మార్కుల కాగితములు, సర్టిఫికెట్లు ఒక సంచిలో భద్రపరచండి. ఆడపిల్ల అయితే మరి కొంచెము ఎక్కువ శ్రద్ధతో వినండి. మనము ‘వచ్చే ఏడు’ అనే మాట ఆడపిల్లలతోనే ఎక్కువగా అంటాము. ఎంపిక కాకపోతే నష్టమేమీ లేదు, దరఖాస్తు పెట్టుటకే పిల్లవాడు ఎంతో నేర్చుకుంటాడు.

తోటి కాపరులారా, మన వేసవి పనులు మంచివే. కాని మన పని నిలబడుటకు ఒక బిడ్డకు తెరచియున్న తలుపు మూయవలసి వస్తే, ముందు ఆ తలుపు ఎన్నిసార్లు తెరచుకుంటుందో కనుక్కొనండి.

ఆ అక్క ఆ గట్టుమీదనే నోటు పుస్తకము నా చేతికి ఇచ్చి, “వానకాలం పంటలు పడ్డంక మల్ల తిరగాలె అయ్యగారూ, మీరు గూడ రాండ్రి” అని పిలిచింది. తప్పక వస్తానని మాట ఇచ్చాను.